మీతో పాటు ఇంకొకరున్నారు

హైదరాబాద్‌లో ఉద్యోగం పోయింది, విజయనగరం వచ్చేశాను, నిన్న ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఇంతకంటే ఉపోద్ఘాతం అక్కర్లేదు. నన్ను తీసేసిన హెచ్‌ఆర్ అమ్మాయి కూడా ఇంతకంటే ఎక్కువ మాట్లాడలేదు.

అవతల మనిషి లేడు. ప్రశ్నలడిగేదీ, నా కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూసేదీ కంప్యూటరే. మనుషుల్ని ఎంచే పనికే మనిషిని పెట్టుకోని కంపెనీ నన్నేం చేసుకుంటుందని అనుమానమొచ్చింది గానీ, ఈఎంఐ గుర్తొచ్చి ఊరుకున్నాను.

మా ఇంట్లో సిగ్నల్ అందేది ముందుగదిలోనే. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. నోరు తెరిచానో లేదో, స్క్రీన్ మీద ఎర్ర గడి మెరిసింది. గదిలో మీతో పాటు ఇంకొకరున్నారు, వెంటనే బయటికి పంపండి అని హెచ్చరిక.

వెనక్కి తిరిగి చూస్తే గోడ మీద తాత. ఫొటోలో.

గంటస్తంభం దగ్గర స్టూడియోలో తీయించుకున్నదది. గదిలో ఏ మూల నిలబడ్డా మనల్నే చూస్తుంటాడు. చిన్నప్పుడు ఆ చూపుకి జడిసే ఎక్కాలు అప్పజెప్పేవాళ్ళం. పైనున్న జీరో బల్బు ఆరుతూ వెలుగుతూ ఉంటే ఆయన రెప్పలార్పుతున్నాడని అనుకున్నట్టుంది ఆ కంప్యూటర్. తాత జూట్ మిల్లులో చేసేవాడు. పింఛను కోసం ఏటా నవంబరులో బతికే ఉన్నానని కాగితం ఇచ్చుకోవాలి. ఎదురుగా నిలబడి దగ్గినా గుమాస్తా నమ్మేవాడు కాదు, సంతకం కలవలేదని రేపు రమ్మనేవాడు. అలాంటి తాతని, పోయిన ఇన్నేళ్ళకి, ఏ కాగితమూ అడక్కుండా బతికున్నాడని ఒప్పేసుకుంది!

ఆయన కాలంలో గోగునార దొరక్క మిల్లు ఆగినా కార్మికులకి సగం జీతం ఇవ్వాల్సిందే. 1953లో చట్టంలోకి ఎక్కిన రూలది. నా కార్డు మీద సీనియర్ ఎగ్జిక్యూటివ్ అని ఉంది కాబట్టి నేను కార్మికుణ్ణి కానట, నాకు ఆల్ ద బెస్ట్ చెప్పారు.

కుర్చీ ఎక్కి ఫొటో దించబోయాను. కర్ర టకటకలాడించుకుంటూ నానమ్మ వచ్చేసింది.

"ఏటిరా, తాతనెందుకు దించుతున్నావు?"

"కంప్యూటర్ ఒప్పుకోవట్లేదు నానమ్మా. ఇద్దరున్నామంటోంది."

"ఉంటే ఏటి? మిల్లోళ్ళే ఆయన్ని తియ్యలేకపోయేరు, నువ్వు తీసేస్తావా?"

పోనీ తువ్వాలు కప్పుతానన్నాను.

"పోయినాయనకి మళ్ళీ ముసుగేటిరా!"

ఈలోగా తెర మీద గడులు మూడయ్యాయి. నానమ్మ తన మొహం చూసుకుని కొంగు సర్దుకుంది. ల్యాప్‌టాప్ దగ్గరికి వంగి, "బాబూ, మా గుంటడు మంచోడు, ఉజ్జోగం ఇచ్చీ నాయనా" అంది. మీ సమాధానం నమోదైంది అని వచ్చింది. వెంటనే ఇంగ్లీషులో తర్వాతి ప్రశ్న.

"ఏటంటందిరా అది?"

"నా బలహీనత ఏమిటని."

"పొద్దున్న లెగడు బాబూ." అదీ నమోదైంది.

ఇవాళ మెయిల్ వచ్చింది. ఇంటర్వ్యూలో నాకు సాయపడిన ఇద్దరి వివరాలు 48 గంటల్లో ఇవ్వాలట. పేరు, బంధుత్వం, ఆధార్. నానమ్మది ఎక్కించాను. తాత పోయింది 2004లో, ఆధార్ మొదలైంది 2010లో. ఆ గడి ఖాళీగా వదిలేస్తే సబ్మిట్ బటన్ పని చెయ్యట్లేదు.