మందు పోయినా క్రిమి పోదు

ఆదివారం పొద్దున విజయవాడలో ఏ పేటకు వెళ్లినా చికెన్ షాపు ముందు జనమే. కళ్లముందే కోస్తున్నాడు కాబట్టి తాజా మాంసమేనని మన ధీమా. చాలాచోట్ల కోసిన కోళ్లన్నీ ఒకే డ్రమ్ములో పడతాయి, ఒకే మొద్దు మీద ముక్కలవుతాయి. మొదటి కోడి పేగుల్లోని సాల్మొనెల్లా, ఈ-కోలి లాంటి జబ్బు క్రిములు పదో కోడి ముక్కలకు అంటుకోవడానికి అది చాలు. షాపువాణ్ని ఒక్కణ్నే తిట్టి లాభం లేదు. సరైన నీళ్లు, డ్రైనేజీ ఉన్నాయో లేదో చూడకుండా లైసెన్సు ఇచ్చినవాళ్ల మాటేమిటి?

బాగా ఉడికిస్తే చస్తాయి కదా అంటారు. నిజమే, ముక్క లోపలిదాకా 74 డిగ్రీల వేడి తగిలితే ఈ క్రిములు బతకవు. అయితే కుండలో పడకముందే ఆ ముక్కల్ని కుళాయి కింద కడుగుతాం. తుంపరలు పక్కనున్న కొత్తిమీర మీద పడతాయి. అదే చాకుతో ఉల్లిపాయ తరుగుతాం, దాన్నేమో నిమ్మకాయ పిండుకుని పచ్చిగానే తింటాం.

విరేచనాలైతే చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుతాయి. అసలు టెన్షన్ అది కాదు, మందుకు లొంగని క్రిమి. బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు కిలోలు దాటాలి. కిక్కిరిసిన షెడ్లలో జబ్బు రాకముందే నీళ్లలోనో దాణాలోనో యాంటీబయాటిక్ కలపడం అలవాటైంది. కొద్దికొద్దిగా రోజూ అందే మందుకు బలహీనమైన క్రిములు చచ్చి, మొండివి మిగిలి పెరుగుతాయి. ఐసీయూలో ఏ మందూ పనిచేయనప్పుడు డాక్టర్లు ఎక్కించే కోలిస్టిన్‌ను కూడా కోళ్లు లావెక్కడానికి వాడారు! ఆ వాడకాన్ని కేంద్రం 2019 జూలైలో నిషేధించింది. ఎదుగుదల కోసం యాంటీబయాటిక్స్ మేపడాన్ని ఐరోపా సమాఖ్య 2006లోనే ఆపేసింది.

మన నిబంధనలు ఎక్కువగా చూసేది మాంసంలో మందు ఎంత మిగిలిందని. కోతకు కొన్ని రోజుల ముందు మందు ఆపేస్తే ఆ పరీక్ష గట్టెక్కుతుంది. మందుకు అలవాటుపడిన క్రిమి మాత్రం పేగుల్లో, చర్మం మీద అలాగే ఉంటుంది. రిపోర్టు శుభ్రం, మాంసం కాదు.

కాబట్టి నగరపాలక సంస్థ, ఆహార భద్రత విభాగం కలిసి నెలనెలా షాపుల నుంచి శాంపిళ్లు తీయాలి. ఏ క్రిమి ఉంది, ఏ మందుకు లొంగడం లేదు అన్నది తేల్చి వార్డులవారీగా బయటపెట్టాలి. రోగుల శాంపిళ్లకు మెడికల్ కాలేజీల ల్యాబుల్లో రోజూ చేసే, క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షే ఇది. ఇక పశువైద్యుడి చీటీ లేకుండా కోళ్లకు యాంటీబయాటిక్ అమ్మకూడదు. కాంట్రాక్టు పెంపకంలో షెడ్డు రైతుది, కోడిపిల్లలూ దాణా మందూ కంపెనీవి. అధికారులు ముందుగా మందుల లెక్క అడగాల్సింది ఆ కంపెనీల గోదాముల్లో. రైతు షెడ్డుకు తర్వాత వెళ్లొచ్చు.