ఈవెనింగ్ ప్రింరోజ్ గురించి తిరుగుతున్న మెసేజ్‌లో చాలావరకు తప్పులే

"ఈవెనింగ్ ప్రింరోజ్ గింజల్ని అంగుళం లోతున నాటి ఎరువు దండిగా వెయ్యండి, మూడు నెలల్లో పూలొస్తాయి, ఒక్కో పువ్వు వారం ఉంటుంది, ఆ గింజలు నూరుకుని తింటే ఎగ్జిమా పోతుంది, క్యాప్సూల్స్ కొనక్కర్లేదు" అని ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఈవెనింగ్ ప్రింరోజ్ అంటే పొద్దు వాలాక పూలు విచ్చుకునే మొక్క, దాని గింజల నూనెనే క్యాప్సూల్స్‌గా అమ్ముతారు; ఎగ్జిమా అంటే చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు. ఆ మెసేజ్ నమ్మి వేసినవాళ్ళు మొలవలేదనో, పూలు రాలేదనో బతికున్న మొక్కల్ని పీకి పారేస్తున్నారు, చూస్తుంటే బాధేస్తోంది.

ముందు లోతు సంగతి. ఈ విత్తనం మొలవాలంటే వెలుతురు తగలాలి. తడి మట్టి మీద చల్లి అరచేత్తో మెల్లగా అదిమితే చాలు, పైన మట్టి కప్పకూడదు. లోతుగా పడితే చచ్చిపోదు, మొలవకుండా అలాగే ఉండిపోతుంది. అమెరికాలో విలియం బీల్ అనే ఆయన 1879లో రకరకాల విత్తనాల్ని సీసాల్లో పెట్టి భూమిలో పాతాడు, 80 ఏళ్ళ తర్వాత తవ్వి తీసిన సీసాలో ఇంకా మొలిచిన కొద్ది రకాల్లో ఇదొకటి.

మూడు నెలల్లో పూలు అనేది ఇంకా పెద్ద తప్పు. మామూలుగా దొరికే పసుపు పూల రకం రెండేళ్ళ మొక్క. మొదటి ఏడాది నేలకి అంటుకుని గుండ్రంగా ఆకులు పరుచుకుంటాయి, అంతే, కింద లావుగా తల్లివేరు దిగుతుంది. చలికాలం గడిచాకే కాడ లేచి మనిషి ఎత్తు దాకా పోయి పూస్తుంది. బాగా ముందుగా వేస్తే ఒక్కోసారి అదే ఏడాది పూస్తుంది గానీ దాన్ని లెక్కలో పెట్టుకోకండి. ఆ తల్లివేరు వల్లే పెద్దయ్యాక మొక్కని మార్చితే తట్టుకోదు, మార్చాలంటే చిన్నప్పుడే మార్చేయాలి.

ఎరువు దండిగా అక్కర్లేదు. ఇది రోడ్ల పక్కన, ఇసుక నేలల్లో తనంతట తాను పెరిగే మొక్క, బలం ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి కాడ వాలిపోతుంది. ఎండ బాగా తగలాలి, నీళ్ళు నిలవకూడదు, అంతే.

పువ్వు వారం ఉండటమేంటి! పొద్దు వాలాక మొగ్గ దగ్గర కూర్చుని చూడండి, రక్షక పత్రాలు ఒక్కసారిగా వెనక్కి విడిపోయి, చుట్టుకుని ఉన్న రేకులు కళ్ళ ముందే, ఒకటి రెండు నిమిషాల్లో విచ్చుకుంటాయి, వాసనకి చీకట్లో హాక్ మాత్‌లనే పెద్ద రాత్రి చిమ్మటలు వస్తాయి, మర్నాడు మధ్యాహ్నానికి వాడిపోతుంది. రోజూ కొత్త మొగ్గలు విచ్చుతూ ఉంటాయి కాబట్టి వారాల తరబడి పూసినట్టు కనిపిస్తుంది.

ఇక మందు మాట. గింజలో దాదాపు పావు వంతే నూనె, ఆ నూనెలో మందుగా పనిచేస్తుందని అందరూ చెప్పే కొవ్వు ఆమ్లం గామా లినోలెనిక్ ఆసిడ్ సుమారు 10 శాతమే. అసలు నూనె క్యాప్సూల్స్‌కే ఎగ్జిమా మీద సరైన రుజువు లేదు, బ్రిటన్‌లో 2002లోనే వాటి మందు లైసెన్సులు వెనక్కి తీసుకున్నారు, 2013లో వైద్య పరిశోధనల్ని కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ సమీక్ష కూడా మందు లేని ఉత్తుత్తి మాత్రల కంటే మెరుగ్గా పనిచేయలేదనే తేల్చింది. అలాంటిది ఇంట్లో నూరిన పొడితో తగ్గుతుందని ఎలా చెప్తారండీ? రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు నూనె జోలికి వెళ్ళేముందు డాక్టర్‌ని అడగాల్సిందే.

మెసేజ్‌లో అసలు చెప్పాల్సింది ఒకటి వదిలేశారు. ఒక్కో కాయలో బోలెడు గింజలు, ఎండి పగిలితే తోటంతా అవే మొలుస్తాయి. అంత వద్దనుకుంటే కాయలు గోధుమరంగుకి తిరిగి కొన విచ్చుకోకముందే కాడలు కోసేయండి, విత్తనానికి ఒక్క కాడ ఉంచుకుంటే సరిపోతుంది.