సవరణ: పొడవాటి ఎముకలు ఎక్కడ పెరుగుతాయి?

పిల్లల ఎముకలపై ఇంతకుముందు పెట్టిన పోస్టులో రెండు వాక్యాలు మార్చాం. తొడ ఎముక నడిమి నుంచి రెండు వైపులా సాగుతుందని ఒకటి, 18 ఏళ్లకు ఎముకలన్నీ పెరగడం ఆగిపోతాయని రెండోది. రెండూ సరికావు.

పొడవు పెరిగేది చివర్ల దగ్గరుండే గ్రోత్ ప్లేట్ల వద్ద. అక్కడ మృదులాస్థి కణాలు నాణేలు పేర్చినట్టు వరుసకట్టి విభజన చెందుతాయి, ఉబ్బుతాయి, చుట్టూ కాల్షియం పేరుకున్నాక చాలావరకు చనిపోతాయి. ఆ జాగాలోకి రక్తనాళాలు, వాటి వెంట ఎముక కట్టే కణాలు వస్తాయి. లావెక్కడం వేరే సంగతి, అది పైపొర పెరియాస్టియం చేసే పని. రెండు చివర్లూ సమానంగా పెరగవు. తొడ ఎముక పొడవులో సుమారు 70 శాతం మోకాలి వైపు ప్లేటుదే. ఎదిగే వయసులో ఏడాదికి దాదాపు 9 మి.మీ. జబ్బ ఎముకలోనైతే భుజం వైపుది 80 శాతం. పిల్లలకు మోకాలి దగ్గర దెబ్బ తగిలితే అంత కంగారు అందుకే.

మోకాలి ప్లేట్లు ఆడపిల్లల్లో 14, మగపిల్లల్లో 16 ఏళ్ల ప్రాంతంలో మూసుకుంటాయి, అంటే ఎముకగా మారి పెరుగుదల ఆగుతుంది. ఇద్దరిలోనూ మూయించేది ఈస్ట్రోజన్ హార్మోనే, మగపిల్లల్లో కూడా! కాలర్‌బోన్ ఛాతీ వైపు చివర మాత్రం పాతికేళ్ల దాకా తెరిచే ఉండొచ్చు.

ఎక్స్‌రేలో ప్లేటు నల్లగీతలా కనిపిస్తుంది, పగులని పొరబడతారు. అనుమానముంటే రెండో కాలికీ తీయించి పోల్చాలి. దీనికి తలకిందులైన పొరపాటే ఎక్కువ ప్రమాదం: పిల్లల్లో లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) కంటే ప్లేటే బలహీనం, బెణుకని మర్దన చేయించేది నిజానికి ప్లేటు పగులు కావచ్చు. ఎముక పక్కకు జరగకపోతే మొదటి ఎక్స్‌రేలో అది కనపడకపోవచ్చు. సరిగ్గా ప్లేటు మీద నొక్కితే నొప్పి ఉంటే, కట్టు వేసి 7-10 రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయాలి.