సవరణ: జిన్ చూస్తున్న పెయింటింగ్ ఇకారస్‌ది కాదు

కొరియా పాప్ గ్రూప్ బీటీఎస్ 2016 వీడియో ‘బ్లడ్ స్వెట్ అండ్ టియర్స్’ మీద నా పాత పోస్టులో, మొదట్లో మ్యూజియంలో గ్రూప్ సభ్యుడు జిన్ చూస్తూ నిలబడే పెయింటింగ్ గ్రీకు పురాణంలోని ఇకారస్ పతనం అని ఉంది. అది చిత్రకారుడు బ్రూగెల్ 1562లో వేసిన ‘తిరుగుబాటు దేవదూతల పతనం’. ఇకారస్ కూడా వీడియోలో ఉన్నాడు, కాకపోతే వేరే చోట.

పెయింటింగ్ పేరు మారితే జిన్‌కి, మరో సభ్యుడు ‘వీ’కి మధ్య కథే మారిపోతుంది. ఇకారస్ ఎవరి మీదా తిరగబడలేదు, తండ్రి మాట వినకుండా సూర్యుడి దగ్గరికి ఎగిరి పడిపోయాడు, అంతే. పెయింటింగ్‌లోని దేవదూతలు దేవుడి మీద తిరగబడి స్వర్గం నుంచి గెంటించుకున్నవాళ్లు. వీ వీపు మీద రెక్కలు తెగినట్టున్న మచ్చలు గుర్తున్నాయా? అతను జిన్ కళ్లు మూయడం, ఇంకో సభ్యుడు ఆర్‌ఎమ్ చదివే హెర్మన్ హెస్సే నవల ‘డెమియన్’ వాక్యంలో ‘ప్రలోభపెట్టేవాడు’ అనే మాట, ఇవన్నీ అప్పుడే ఒక దారిలో పడతాయి. వీ బాధితుడు కాదు, పిలిచేవాడు. వీడియోలో జిన్ ఒక నల్లరెక్కల విగ్రహాన్ని ముద్దుపెట్టుకోవడం ఆ పిలుపుకి ఒప్పుకోవడమే అని నా అభిప్రాయం.

ఇద్దరూ ప్రేమికులా అని చాలామంది అడిగారు. వీడియో ఆ మాట చెప్పదు. పాత పోస్టులో ఆ పేరా తీసేశాను.