అభ్యంతరం చెప్పే వ్యవధి ఏదీ?

2025 సెప్టెంబరు 19, శుక్రవారం. విదేశీ నిపుణులు అమెరికాలో ఉద్యోగం చేసేందుకిచ్చే హెచ్‌1బీ వీసా కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము కట్టాలంటూ అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక ప్రకటనపై సంతకం చేశారు. శనివారం అర్ధరాత్రి దాటగానే అమలు అన్నారు. ఇప్పటికే వీసా ఉండి స్వదేశానికి వెళ్లినవాళ్ల పరిస్థితి ఏమిటో అందులో స్పష్టంగా లేదు. విదేశాల్లో ఉన్న ఉద్యోగులు ఉన్నపళంగా తిరిగి రావాలని పెద్ద కంపెనీలు మెయిళ్లు పంపాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరబోతున్న విమానంలోంచి ప్రయాణికులు దిగిపోయారు. రుసుము కొత్త దరఖాస్తులకేనని శ్వేతసౌధం మర్నాడు తీరిగ్గా చెప్పింది. అమెరికాలోనే చదువుకుని, అక్కడే ఉండి హెచ్‌1బీకి మారేవారికి అది వర్తించదన్న వివరణ రావడానికి ఇంకో నెల పట్టింది.

రుసుము ఎంత ఉండాలన్నది వేరే చర్చ. లక్షల కుటుంబాల బతుకును తాకే నిర్ణయాన్ని ఎవరి మాటా వినకుండా ఒక్క సంతకంతో రుద్దడమే మా అభ్యంతరం. ఎందుకంటే, వినడానికి ఆ దేశంలో మంచి పద్ధతే ఉంది. 1946 నాటి పాలనా విధానాల చట్టం ప్రకారం ఏ ఫెడరల్ శాఖైనా కొత్త నిబంధన తేవాలంటే సాధారణంగా ముందు ముసాయిదాను ప్రభుత్వ గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో ప్రచురించాలి. అభిప్రాయాలు స్వీకరించాలి. వచ్చిన ముఖ్యమైన అభ్యంతరాలకు తుది నిబంధనలో జవాబు చెప్పుకోవాలి. అభిప్రాయం చెప్పడానికి పౌరసత్వం ఉండాలన్న షరతు ఆ చట్టంలో లేదు. ఏళ్లతరబడి పన్నులు కడుతూ, పిల్లల్ని అక్కడే పెంచుతూ, ఓటు మాత్రం లేని మనవాళ్లు ఆ ప్రభుత్వంతో అధికారికంగా మాట్లాడగలిగే దారి దాదాపు అదొక్కటే.

ఈ పద్ధతితో పనులు సాగవనడం సరికాదు. హెచ్‌1బీ లాటరీలో ఒకే అభ్యర్థి పేరును నాలుగైదు కంపెనీల తరఫున నమోదు చేయించే దందా కొన్నేళ్లు నడిచింది. అందులో మన కన్సల్టెన్సీల పాత్రా ఉందని ఒప్పుకోవాలి. 2024 ఆర్థిక సంవత్సరం కోటాకు అర్హమైన నమోదులు 7,58,994కు చేరాయి. ఉన్న వీసాలు 85 వేలు. ముసాయిదా వెలువరించి, అభిప్రాయాలు తీసుకుని, ఎన్ని నమోదులున్నా ఒక మనిషికి ఒకే అవకాశం అని నిబంధన మార్చారు. మరుసటి ఏడాదికే నమోదులు 4,70,342కు, ఆపై ఏడాది 3,43,981కి పడిపోయాయి. నిజాయతీగా వరుసలో నిలబడిన విద్యార్థికి దానివల్ల మేలే జరిగింది.

చట్టసభలోనూ అంతే. విదేశాలకు పంపే డబ్బుపై పన్ను మొదటి ముసాయిదాలో 5 శాతం. ప్రతినిధుల సభ ఆమోదించేసరికి 3.5 శాతమైంది. 2025 జులై 4న సంతకం పడిన చట్టంలో 1 శాతానికి తగ్గింది, అదీ నగదు, మనియార్డర్ల వంటి వాటితో పంపితేనే. బ్యాంకు ఖాతా నుంచి అమ్మానాన్నలకు పంపే డబ్బుకు ఆ బెడద తప్పింది. చర్చకు రెండు నెలల వ్యవధి దొరికితేనే ఇంత తేడా వచ్చింది.

ఇక వర్క్ పర్మిట్ల సంగతి చూడండి. కార్డు పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టుకుంటే, అది తేలేదాకా 540 రోజుల వరకూ పని చేసుకోనిచ్చే వెసులుబాటును 2024 డిసెంబరులో పద్ధతి ప్రకారమే శాశ్వతం చేశారు. ఏడాది తిరక్కుండానే, 2025 అక్టోబరు 30న, దాన్ని ఎత్తేశారు. ప్రచురణ, అమలు ఒకే రోజు. అభిప్రాయాలు చెప్పమన్నది అమలైపోయాక! హెచ్‌1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములకిచ్చే హెచ్‌4 వీసా మీద ఉండి ఉద్యోగం చేసుకుంటున్న మన ఆడపిల్లలకు ఇది సూటిగా తగిలే దెబ్బ. పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టేది గడువుకు ఆరు నెలల ముందు నుంచే. ఆలోగా ఆఫీసు ఫైలు కదలకపోతే కార్డు తేదీ ముగిసిన రోజే పని ఆపేయాలి. ఆమె తప్పు ఏమీ ఉండదు. ఇంటి వాయిదాలు మాత్రం ఆగవు.

ఆ వెసులుబాటును ఎత్తేయడం భద్రత కోసం అత్యవసరమైందని ప్రభుత్వం అంది. అత్యవసరం అన్న మాటను కోర్టులు ఊరికే నమ్మవు. కరోనా నిరుద్యోగాన్ని సాకుగా చూపి 2020 అక్టోబరులో హెచ్‌1బీ వేతనాలపై ఇలాగే హఠాత్తుగా తెచ్చిన నిబంధనను కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు డిసెంబరు 1న కొట్టేసింది. సంక్షోభం మొదలై ఆరు నెలలు గడిచినా కదలనివారు ఇప్పుడు వ్యవధి లేదంటే ఎలా అన్నదే ఆ తీర్పు సారాంశం.

అసలు బాధ్యత కాంగ్రెస్‌ది. ఏటా 65 వేల వీసాల పరిమితి 1990 చట్టంలోది. పైచదువుల వారికి మరో 20 వేలు కలిపింది 2004లో. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతమే అన్న నియమంతో భారతీయుల వరుస దశాబ్దాలకు సాగింది. చట్టసభ చేతులు ముడుచుకుంటే ఆ ఖాళీలోకి అధ్యక్షుడి కలం వస్తుంది. విదేశీయుల ప్రవేశాన్ని ఆపేందుకు 1952 చట్టం అధ్యక్షుడికిచ్చిన అధికారాన్ని సుప్రీంకోర్టు 2018లో విశాలంగానే సమర్థించింది. ఆ అధికారాన్ని రుసుముల వసూలుకు వాడకుండా హద్దు గీయాల్సింది ఇప్పుడు శాసనకర్తలే.

అక్కడి తెలుగు సంఘాలకూ ఒక మాట. మహాసభలకు వేలమందిని రప్పించగల శక్తి మీకుంది. ముసాయిదా వెలువడిన రోజే దాన్ని చదివి తెలుగులో వివరించే న్యాయ విభాగాన్ని శాశ్వతంగా పెట్టండి. ఒకే నమూనా ఉత్తరాన్ని వేలమందితో పంపిస్తే శాఖ వాటన్నిటికీ కలిపి ఒకే జవాబు రాస్తుంది. ఏ ఉద్యోగం, ఎంత పన్ను కడుతున్నారు, కార్డు ఎన్ని నెలలు ఆలస్యమైంది, దానివల్ల యజమానికి ఏ నష్టం జరిగింది అని ఎవరికి వారు తమ వివరాలతో రాస్తే శాఖ వాటిని పరిశీలించక తప్పదు. తోసిపుచ్చితే రేపు కోర్టులో ఆ కాగితాలే ఆధారాలవుతాయి.