నిమ్మకాయకు ఎన్ని ఆంపియర్లు?

రావులపాలెంలోని మా బావగారు ఒక పాత వ్యాను కొని, మంచమూ వంటగట్టూ రంగుదీపాలూ అమర్చి, దాన్ని నడిచే ఇల్లుగా మార్చుకున్నారు. అందులో 12 వోల్టుల, 200 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ, ఆ బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే 2000 వాట్ల ఇన్వర్టరు ఉన్నాయి. నా ఫిర్యాదు వాటి మీద కాదు, "ఏం కాదండి" అనే మాట మీద.

బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఏదని నేనడిగితే ఎలక్ట్రీషియన్ "ఏం కాదండి" అన్నారు. వైరు సన్నగా ఉందంటే, "ఏం కాదండి, ఏసీలకు ఇదే నాలుగు ఎమ్మెమ్ వేస్తామండి, ఆయ్" అన్నారు. గోదావరి జిల్లాల్లో చివర "అండి" చేర్చి పలికితే విద్యుత్తు సైతం మొహమాటపడి చల్లగా ప్రవహిస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

రక్షణ ఏర్పాట్లు లేవని మాత్రం అనలేను. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు, బంపరుకు మిరపకాయలతో కలిపి ఐదోది, వాకిట్లో పగిలిన గుమ్మడికాయ. పురోహితుడు స్టీరింగుకూ ఇంజనుకూ బొట్టు పెట్టి బ్యాటరీని కూడా వదల్లేదు. కుంకుమ పాజిటివుకూ పసుపు నెగటివుకూ పడడంతో, ఆ రోజంతటిలో పొలారిటీ ఒక్కటే శాస్త్రోక్తంగా జరిగింది. కొబ్బరినీళ్లు ఇన్వర్టరు మీద చిలకరించబోతే నేను అడ్డుపడ్డాను, అపశకునమన్నారు. నిమ్మకాయ ఎన్ని ఆంపియర్ల దగ్గర తెగుతుందో కాయ మీద ముద్రించి లేదు. టైరు కింద నలిగినవి మాత్రం ఫ్యూజు లాగే ఒక్కసారికి పనికొచ్చి ఊరుకున్నాయి.

ఇక లెక్క. 1800 వాట్ల ఇండక్షన్ స్టవ్వు ఇంట్లో 230 వోల్టుల మీద ఎనిమిది ఆంపియర్ల లోపే లాగుతుంది. అదే స్టవ్వు వ్యానులో 12 వోల్టుల బ్యాటరీ నుంచి 150 లాగుతుంది, ఇన్వర్టరు తాను మింగేది అదనం. ఆ నాలుగు ఎమ్మెమ్, అంటే నాలుగు చదరపు మిల్లీమీటర్ల, తీగలో, పోనూ రానూ కలిపి రెండు మీటర్లే ఉన్నా, దాదాపు వోల్టున్నర దారిలోనే హరించుకుపోతుంది. అంటే 200 వాట్లకు పైగా వేడి మంచం కింది తీగలోనే పుడుతుంది. పులస కూర స్టవ్వు మీద ఉడుకుతుందో మంచం కింద ఉడుకుతుందో చెప్పడం కష్టం.

నేను మరీ పోరితే, చివరికి ఇన్వర్టరు పక్కన ఇంట్లో వాడే ఎంసీబీ, అంటే కరెంటు మించితే దానంతటదే పడిపోయే స్విచ్చు, ఒకటి బిగించారు. ఇళ్లకు వచ్చే ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది కనుక ఆ ఎంసీబీలో నిప్పురవ్వ దానంతటదే ఆరుతుంది. బ్యాటరీ ఇచ్చే డీసీ అలా దిగదు, రవ్వ సాగుతూనే ఉంటుంది. పైగా చోటు చూడండి. ధవళేశ్వరంలో కాటన్ దొర కాలువలకు తూములు తలదగ్గర పెట్టించాడు గానీ, అంతర్వేదిలో సముద్రం ఒడ్డున పెట్టించలేదు. ఫ్యూజు కాపాడేది ఇన్వర్టరును కాదు, తీగను. కాబట్టి అది బ్యాటరీ పాజిటివుకు జానెడు దూరంలో ఉండాలి. అవతలి కొసన పెడితే, మధ్యలో ఇనుప రేకుకు ఒరిసి ఇన్సులేషన్ తెగిన తీగను ఎవరు ఆపుతారు? వేల ఆంపియర్లు కక్కగల బ్యాటరీ ఆపుతుందా?

ఆ మంచం మీద పడుకునేది మా మేనకోడళ్లు, ఇద్దరు పిల్లలు. బయటికి రావడానికి ఉన్న తలుపు ఒక్కటే, అదీ బ్యాటరీ వైపే. పరుపు కవరుకు పదిహేను వేలు పోసిన మనిషి ఫ్యూజు దగ్గర బేరమాడతాడా? "ఏం కాదండి" అన్న పెద్దమనిషి ఆ రాత్రి ఆ మంచం మీద పడుకుంటాడా? సిగ్గుండాలి, ఇద్దరికీ!

బావగారితో మాటలు మానేశాను. 70 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు, దాని కొసలకు నొక్కి బిగించిన లోహపు లగ్గులు, భారీ డీసీ కరెంటును తెంచగల 200 ఆంపియర్ల క్లాస్-టి ఫ్యూజు రాజమండ్రిలో ఆర్డరు పెట్టాను. బిల్లు మాత్రం ఆయన పేరు మీదే రాయించాను.