కందకాల లెక్క సరే, మట్టిగడ్డ సంగతేంటి?

అనంతపురం వైపు ఏదైనా ఎర్ర చేనుకు వెళ్లినప్పుడు ఓ పని చేసి చూడండి. చేను నడిమధ్య నుంచి నిమ్మకాయంత మట్టిగడ్డ ఒకటి, గట్టు మీద ఆకు ఎరువు కోసం పెంచే గ్లిరిసిడియా చెట్టు కింద నుంచి అంతే గడ్డ ఇంకొకటి తెచ్చి ఎండబెట్టండి. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి మెల్లగా వదలండి. చేలోది బుడగలు వదులుతూ కాసేపట్లోనే కూలిపోయి అడుగున బురదవుతుంది. చెట్టు కింది గడ్డ చాలావరకు నిలబడుతుంది, నీళ్లూ తేటగానే ఉంటాయి.

మొదటి గడ్డలో మట్టిరేణువులను పట్టి ఉంచే జిగురు లేదు. ఆ జిగురు వేళ్ల నుంచి, బూజు పోగుల నుంచి, కుళ్లిన ఆకు నుంచి రావాలి. అది లేని నేల మీద పెద్ద చినుకు పడితే గడ్డలు చితికి, మెత్తటి మన్ను సందుల్లోకి దిగి పూడుకుంటుంది. ఎండ కాయగానే పైన పొర కడుతుంది, మొలక దాన్ని చీల్చుకుని రాలేదు. తర్వాతి వాన లోపలికి ఇంకకుండా జారిపోతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే చోట ఇది చిన్న నష్టం కాదు.

జారిన ఆ నీటిని పట్టుకోవడానికే మన కందకాలు, పంట కుంటలు. 1995లో వాటర్‌షెడ్ పథకాలపై హనుమంతరావు కమిటీ మార్గదర్శకాలు అమల్లోకి వచ్చినప్పటి నుంచి ఉపాధి హామీ దాకా ఈ పనులు చాలానే జరిగాయి. బోర్లకు మేలు చేశాయి, కాదనను. కానీ కొలత మాత్రం ఎన్ని క్యూబిక్ మీటర్లు తవ్వారన్నదే. గుంతకు టేపు పెట్టొచ్చు, బిల్లు రాయొచ్చు. మట్టి గుల్లబారిందా లేదా అన్నదానికి పని కొలతలు రాసే ఎం.బుక్‌లో గడి లేదు. పైగా చదును పేరుతో జేసీబీ పైమట్టిని గీకేస్తే ఉన్న కాస్త జిగురూ పోతుంది. దాన్ని కూడా సంరక్షణ ఖాతాలోనే రాస్తాం!

పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో 1976 నుంచి నల్లరేగడిలో నడుస్తున్న ప్రయోగం చూడండి. ఒకవైపు పాత పద్ధతి: వానాకాలమంతా బీడు, తర్వాత ఒక పంట. మరోవైపు వెడల్పు మడులు, మధ్యలో కాలువలు, వానాకాలం నుంచే పంట, ఎరువులు. దిగుబడి హెక్టారుకు టన్నుకు కాస్త ఎక్కువ ఒకచోట, ఐదు టన్నుల దాకా ఇంకోచోట. ఆ తేడా అంతా మడులదే అనలేం, ఎరువుల వాటా ఉంది. అయినా నాకు ఆసక్తిగా అనిపించేది వేరు. నడక, చక్రం అన్నీ కాలువలోనే సాగుతాయి కాబట్టి మడి తొక్కుడు పడదు. వాన గట్టిగా కొట్టే నెలల్లో నేల మీద ఆకు నీడ ఉంటుంది. అక్కడ మట్టిలో, ఆ జిగురుకు మూలమైన కర్బనం కూడా పెరిగింది.

అయితే ఎర్ర నేల రైతుకు 'పంట చెత్త చేలోనే వదిలెయ్యి' అని చెప్పడం తేలిక. వేరుశనగను వేళ్లతో సహా పీకాలి, కట్టె పశువులకు కావాలి. ఇక చేలో మిగిలేదేముంది? చెరువు మట్టి తోలితే బంకమన్ను చేరి పదును నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది, కానీ ఆకు చేసే పని అది చెయ్యదు. వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలకు వేళ్లు, ఆకు అందించడం, గట్ల మీద గ్లిరిసిడియా పెంచి కొమ్మలు నరికి చేలో వెయ్యడం ఇక్కడ కుదిరే దారులు. రెండింటికీ కొన్నేళ్ల పాటు కూలి పెట్టాలి. కందకానికి ఇచ్చినట్టే ఆ కూలికీ ఉపాధి హామీలో డబ్బులివ్వాలి. బిల్లు రాసే ముందు కొలత కావాలంటే టేపుతో పాటు ఓ గాజు గ్లాసు కూడా చేనుకు తీసుకెళ్లమనండి.